ఫైలు మీద ఉండేది పేరు కాదు, నంబరు: ఓఎస్ మార్చాక పర్మిషన్ల తిప్పలు

మాది తిరుమలగిరి. మా గల్లీల నిలబడి బండ్ల నంబరు ప్లేట్లు చదివితే అదే ఒక చరిత్ర పాఠం. పాత బండ్లన్నీ ఏపీ 24. 2014లో తెలంగాణ వచ్చాక కొన్నవి టీఎస్ 05. 2016 అక్టోబర్‌లో నల్లగొండ జిల్లాను విడదీసి మమ్మల్ని సూర్యాపేట జిల్లాలో కలిపారు, అప్పటి నుంచి టీఎస్ 29. 2024 మార్చి తర్వాత కొన్నవి టీజీ 29. ఊరు అదే, మనుషులు వాళ్లే. పాత బండ్లు మాత్రం పాత నంబర్లతోనే తిరుగుతున్నయి.

ఇంకో సంగతి గమనించండి. బండి మీద ఓనర్ పేరు ఉండదు, నంబరే ఉంటది. ఆ నంబరు ఎవరిదో చెప్పేది ఆఫీసులో ఉన్న రిజిస్టర్. రేపు ఆ రిజిస్టర్‌లో రెండు పేర్లు తారుమారైతే, బండి కదలకుండానే ఓనర్ మారిపోతడు.

లినక్స్‌లో ఫైళ్ల కథ సరిగ్గా ఇదే. ఓఎస్ అప్‌గ్రేడ్ చేశాక "పర్మిషన్ డినైడ్" అని వచ్చినప్పుడు మనం చూడాల్సిన మొదటి చోటు కూడా ఇదే. ఈ నెల టెక్ పాఠంలో ఆ రిజిస్టర్ ఎక్కడుంటుంది, అది ఎట్ల తారుమారవుతుంది, ఫైళ్లను పాడుచేయకుండా ఎట్ల సరిచేయాలి అన్నది చెప్తాను. మన పత్రిక పద్ధతి ప్రకారం కమాండ్లను కూడా తెలుగు అక్షరాల్లోనే, పలికే తీరుగా రాశాను. టర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి.

రిజిస్టర్ ఎక్కడుంది?

రెండు మామూలు టెక్స్ట్ ఫైళ్లు. /ఈటీసీ/పాస్‌డబ్ల్యూడీ అనే దాంట్లో ఏ యూజర్‌కి ఏ నంబరో ఉంటుంది, దాన్ని యూఐడీ అంటాం. /ఈటీసీ/గ్రూప్ అనే దాంట్లో ఏ గ్రూపుకి ఏ నంబరో, అందులో ఎవరెవరు సభ్యులో ఉంటుంది, ఆ నంబరు జీఐడీ. డిస్క్ మీద ప్రతి ఫైలుకూ అంటిపెట్టుకుని ఉండేవి ఒక యూఐడీ, ఒక జీఐడీ, ఇంకా పర్మిషన్ బిట్లు. పేరు ఎక్కడా ఉండదు.

మనం రోజూ వాడే "ఎల్ఎస్ -ఎల్" పేర్లు చూపిస్తుంది కదా అంటారా? అది నంబరు తీసుకుని, రిజిస్టర్‌లో వెతికి, దొరికిన పేరు రాస్తుంది. అంతే. అసలు నంబరు చూడాలంటే ఒక్క అక్షరం కలపాలి:

ఎల్ఎస్ -ఎల్ఎన్

ఓఎస్ మార్చాక నేను మొదట కొట్టే కమాండ్ ఇదే. పేర్లున్న జాబితా, నంబర్లున్న జాబితా పక్కపక్కన పెట్టుకుంటే సగం రోగం అక్కడే తెలిసిపోతుంది. పేరు ఉండాల్సిన చోట ఉత్త నంబరు కనిపిస్తే ఆ నంబరుకి రిజిస్టర్‌లో మనిషి లేడని అర్థం.

పర్మిషన్ బిట్లు మీకు ఫస్టియర్ ల్యాబులోనే చెప్పి ఉంటారు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. ఓనర్‌కి ఒక అంకె, గ్రూపుకి ఒకటి, మిగతా లోకానికి ఒకటి. 750 అంటే ఓనర్ అన్నీ చేయొచ్చు, గ్రూపు చదివి లోపలికి పోవచ్చు, బయటివాళ్లకు ఏమీ లేదు. ఫోల్డర్ విషయంలో ఆ "1"కి అర్థం కొంచెం వేరు. అది లోపలికి దారి. దారిలో ఒక్క ఫోల్డర్‌కి ఆ 1 లేకపోయినా, చివర ఉన్న ఫైలుకి ఎంత పర్మిషన్ ఉన్నా అందదు.

ఓనర్లు బయట, కస్టమర్ లోపల

మా పెద్దనాన్న కొడుకు మా ఊళ్లోనే జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతడు. అన్న, వదిన ఇద్దరూ ఒకే కంప్యూటర్ మీద పని చేస్తరు, ఎవరి లాగిన్ వాళ్లదే. మూడో లాగిన్ పేరు "కస్టమర్". ఉద్యోగాల అప్లికేషన్లు తామే నింపుకుంటామనే పిల్లల కోసం అది. అన్న, వదిన కలిసి వాడే ఫోల్డర్ "షాపు". పెండ్లి కార్డులు, ఫ్లెక్సీ డిజైన్లు, వాటితో పాటు జనం స్కాన్ చేయించుకున్న ఆధార్ కార్డులు, పాస్‌బుక్కులు అన్నీ అందులోనే.

ఆ కంప్యూటర్‌లో ఉన్నది ఉబుంటు 20.04. దానికి మామూలు సపోర్టు 2025లో అయిపోయింది. అన్న కొత్త ఎస్ఎస్‌డీ కొని దాని మీద 24.04 వేయించిండు. /హోమ్, షాపు ఫోల్డర్ మాత్రం పాత హార్డ్ డిస్క్ మీదే ఉంచి, అక్కడి నుంచే తగిలించారు. ఆ సాయంత్రం నాకు ఫోన్.

"తమ్మీ, పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్న. లోపలికి పోయినట్టే పోయి మల్ల లాగిన్ పేజీకే వస్తున్నది."

"వదినది, అన్నా?"

"ఆమెది గూడ అంతే. కస్టమర్ లాగిన్ మాత్రం మంచిగ నడుస్తున్నది."

షాపు ఓనర్లిద్దరూ బయట, కస్టమర్ లోపల. ఈ ఒక్క ముక్కలోనే జబ్బు మొత్తం ఉంది.

పాత సిస్టమ్‌లో ఖాతాలు చేసిన వరుస: అన్న 1000, వదిన 1001, తర్వాత "షాపు" అనే గ్రూపుకి 1002. ఆ తర్వాత చేసిన కస్టమర్‌కి యూఐడీ 1002 వచ్చింది. గ్రూపు నంబరు 1002 అప్పటికే పోయింది కాబట్టి అతని జీఐడీ 1003. కొత్త సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ చేస్తున్నప్పుడు వదిన పేరు ముందు కొట్టారు, కాబట్టి ఆమె 1000. అన్న 1001. కస్టమర్ 1002, అతని గ్రూపు కూడా 1002. షాపు గ్రూపు అసలు చేయనే లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. అన్న హోమ్ ఫోల్డర్ మీద 1000 అని ఉంది. కొత్త రిజిస్టర్ ప్రకారం 1000 అంటే వదిన. అన్న తన ఇంట్లోనే రాయడానికి వీల్లేని మనిషి అయ్యాడు. డెస్క్‌టాప్ మొదలవ్వాలంటే హోమ్‌లో కొన్ని చిన్న ఫైళ్లు రాయాలి, అది కుదరక మళ్లీ లాగిన్ పేజీకి తోసేస్తుంది. వదినకీ అదే గతి. కస్టమర్ యూఐడీ రెండింటిలోనూ 1002 కాబట్టి అతనికే ఇబ్బందీ లేదు.

అసలు భయపడాల్సింది ఇంకోటి. షాపు ఫోల్డర్ గ్రూపు నంబరు 1002, మోడ్ 2770. అంటే గ్రూపులో ఉన్నవాళ్లకు పూర్తి అధికారం. కొత్త రిజిస్టర్‌లో 1002 గ్రూపు ఎవరిది? కస్టమర్‌ది. ఊరివాళ్ల ఆధార్లు, పాస్‌బుక్కులు ఉన్న ఫోల్డర్‌కి, రోడ్డు మీద పోయే ఎవరైనా వచ్చి కూర్చునే లాగిన్ వారసుడైంది. దీని గురించి ఏ ఎర్రర్ మెసేజీ రాలేదు.

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటా అంటే ఇది గుర్తుంచుకోండి. రావాల్సినవాడికి తలుపు తెరుచుకోకపోతే వాడు అరుస్తడు. రాకూడనివాడికి తెరుచుకుంటే ఎవరూ అరవరు. అందుకే అప్‌గ్రేడ్ తర్వాత ఏది ఆగిపోయిందో చూస్తే సరిపోదు, ఏది కొత్తగా తెరుచుకుందో కూడా చూడాలి.

777 ఎందుకు కొట్టొద్దు?

ఇలాంటప్పుడు సీనియర్లు, యూట్యూబ్, పక్క రూమ్‌మేట్ అందరూ చెప్పే మందు ఒకటే: "సీహెచ్‌మోడ్ -ఆర్ 777". అన్నకూ ఎవరో ఫోన్లో ఇదే చెప్పారు. పని అయితే అయిపోతుంది. కానీ ఏమవుతుందో చూడండి.

ఒకటి, షాపు ఫోల్డర్‌లోని ప్రతి కాగితం ప్రతి లాగిన్‌కీ తెరుచుకుంటుంది. ఇప్పటిదాకా పొరపాటున తెరుచుకున్నదాన్ని మనమే చేతులారా తెరిచినట్టు. రెండు, హోమ్‌లో ఎస్ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ ఉంటే, ఇతరులు చదవగలిగే కీని నేను వాడనని ఎస్ఎస్‌హెచ్ మొరాయిస్తుంది. దానికి 600 కావాలి. మూడు, ఇదే కమాండ్ పొరపాటున /యూఎస్ఆర్ మీద నడిస్తే సుడో ఫైలుకున్న సెట్‌యూఐడీ బిట్ ఎగిరిపోతుంది. ఆ బిట్ లేకపోతే సుడో పనిచేయదు. సరిచేయడానికి సుడో కావాలి, సుడో సరిగా లేదు. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపేసుకున్నట్టు. నాలుగు, పాత పర్మిషన్లు ఏమేం ఉండేవో ఆ ఆనవాళ్లన్నీ చెరిగిపోతయి. వెనక్కి పోవడానికి దారి ఉండదు.

ఫైళ్లను ముట్టుకోకుండా రిజిస్టర్‌ను సరిచేయడం

మా కేసులో ఫైళ్లు సరిగ్గానే ఉన్నయి, రిజిస్టరే తప్పు. వేల ఫైళ్లు మార్చేకన్నా నాలుగు లైన్ల రిజిస్టర్ మార్చడం నయం. పాత హార్డ్ డిస్క్ మీద పాత సిస్టమ్ ఇంకా ఉంది కాబట్టి, దాని /ఈటీసీ/గ్రూప్ తెరిచి పాత నంబర్లు ఖాయం చేసుకున్నాను. ఊహ మీద ఏదీ మార్చలేదు.

లాగిన్ అయి ఉన్న మనిషి నంబరు మార్చడానికి సిస్టమ్ ఒప్పుకోదు. అందుకే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి నల్ల తెర మీద వదిన ఖాతాతో లాగిన్ అయి, 3000 నంబరుతో ఒక తాత్కాలిక అడ్మిన్ ఖాతా చేశాను. వదిన ఖాతా నుంచి బయటికి వచ్చి, ఆ కొత్త ఖాతాతో లోపలికి పోయి పని మొదలుపెట్టాను.

రెండు నంబర్లు అటూ ఇటూ మార్చేటప్పుడు మూడో నంబరు కావాలి. చెరొక చేతిలో ఒక బిందె ఉంటే, మార్చుకోవడానికి ఒకదాన్ని ముందు కింద పెట్టాలి కదా. అట్ల 2000ని వాడుకున్నాను:

సుడో యూజర్‌మోడ్ -యూ 2000 వదిన
సుడో యూజర్‌మోడ్ -యూ 1000 అన్న
సుడో యూజర్‌మోడ్ -యూ 1001 వదిన

గ్రూపులకీ అదే వరస:

సుడో గ్రూప్‌మోడ్ -జీ 2000 వదిన
సుడో గ్రూప్‌మోడ్ -జీ 1000 అన్న
సుడో గ్రూప్‌మోడ్ -జీ 1001 వదిన
సుడో గ్రూప్‌మోడ్ -జీ 1003 కస్టమర్
సుడో గ్రూప్‌యాడ్ -జీ 1002 షాపు

చివరగా ఇద్దరినీ షాపు గ్రూపులో చేర్చాలి:

సుడో యూజర్‌మోడ్ -ఏజీ షాపు అన్న
సుడో యూజర్‌మోడ్ -ఏజీ షాపు వదిన

ఇక్కడ "ఏ" చిన్నది, "జీ" పెద్దక్షరం. ఆ "ఏ" అంటే "కలుపు" అని. అది మరిచిపోతే ఉన్న అదనపు గ్రూపులన్నీ తీసేసి ఈ ఒక్కటే మిగులుస్తుంది. సుడో గ్రూపు కూడా పోతుంది, అంటే అడ్మిన్ హక్కు పోతుంది. చాలామంది ల్యాప్‌టాప్‌లలో సుడో మాయమయ్యేది ఈ ఒక్క అక్షరం వల్లే.

ఇంకో మెలిక ఉంది. యూజర్‌మోడ్ ఆ మనిషి హోమ్‌లోని ఫైళ్ల యూఐడీని తానే మారుస్తుంది. గ్రూప్‌మోడ్ ఫైళ్ల జోలికి పోదు. మధ్యలో ఆ కొన్ని గంటలు కస్టమర్ లాగిన్‌లో పుట్టిన ఫైళ్ల మీద 1002 గ్రూపు ఉంటుంది, అది ఇప్పుడు షాపుది. వాటిని వెతికి మార్చాలి:

సుడో ఫైండ్ /హోమ్/కస్టమర్ -జీఐడీ 1002 -ఎగ్జెక్ సీహెచ్‌జీఆర్‌పీ -హెచ్ కస్టమర్ {} +

తర్వాత షాపు ఫోల్డర్‌లో కస్టమర్ యూఐడీతో ఏమైనా ఫైళ్లు పుట్టాయా అని వెతికాను. ఒక్కటీ లేదు. అయితే ఎవరైనా తెరిచి చూసి ఊరుకుంటే ఓనర్‌షిప్‌లో ఆ గుర్తు మిగలదు. ఆ మాట అన్నకు దాచకుండా చెప్పాను. స్కాన్లన్నీ పని అయిపోయాక తీసేయాలని ఆ రోజే షాపులో నియమం పెట్టుకున్నరు.

చివరి పరీక్ష, రిజిస్టర్‌లో లేని నంబర్లున్న ఫైళ్లేమైనా ఉన్నాయా అని:

సుడో ఫైండ్ /హోమ్ -నోయూజర్ -ఓ -నోగ్రూప్

ఏమీ రాకపోతే మంచిదే. తాత్కాలిక ఖాతా తీసేయడం మరవొద్దు.

మీకు తగిలే ఇతర కేసులు

ఒక్కో జబ్బుకి ఒక్కో మందు. మన కాలేజీ పిల్లలకు ఎక్కువగా ఎదురయ్యేవి ఇవి.

ఆర్డుయినో. ఈసీఈ వాళ్లకు తెలిసిందే. కొత్త ఓఎస్ వేశాక బోర్డుకి కోడ్ ఎక్కించబోతే పర్మిషన్ డినైడ్. సీరియల్ పోర్టు ఫైలు డెబియన్, ఉబుంటుల్లో "డయల్‌అవుట్" అనే గ్రూపుది. పాత సిస్టమ్‌లో మీరు అందులో ఉన్నారు, కొత్తదాంట్లో లేరు. యూజర్‌మోడ్ -ఏజీతో చేరి, పూర్తిగా లాగౌట్ అయి మళ్లీ రండి. గ్రూపు సభ్యత్వం లాగిన్ అయ్యేటప్పుడే అంటుకుంటుంది. టర్మినల్ మూసి తెరిస్తే చాలదు. "ఐడీ" అని కొడితే ప్రస్తుతం మీకున్న గ్రూపులన్నీ చూపిస్తుంది. ఒక హెచ్చరిక: ఉబుంటు 22.04లో సీహెచ్340 చిప్పున్న చవక బోర్డులు అసలు కనబడకుండా పోయేవి. దానికి కారణం బ్రెయిలీ డిస్‌ప్లేల కోసం ఉన్న బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాం ఆ పోర్టును లాక్కోవడం. పోర్టు ఫైలే లేనప్పుడు పర్మిషన్లు మార్చి లాభం లేదు. ముందు ఫైలు ఉందో లేదో చూడండి.

హోమ్ ఫోల్డర్‌లో వెబ్‌సైట్. ఉబుంటు 21.04 నుంచి కొత్తగా చేసే ఖాతాల హోమ్ మోడ్ 755కి బదులు 750 అయింది. పాత సిస్టమ్‌లో నడిచిన ప్రాజెక్టు కొత్తదాంట్లో 403 అంటుంది, ఎందుకంటే వెబ్ సర్వర్ "డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా" అనే వేరే యూజర్‌గా నడుస్తుంది, దానికి మీ ఇంట్లోకి దారి లేదు. ఏ మెట్టు దగ్గర ఆగిందో చూడాలంటే "నేమ్‌ఐ -ఎల్" తర్వాత ఫైలు పూర్తి దారి కొట్టండి. మెట్టు మెట్టుకీ ఓనరు, గ్రూపు, మోడ్ వరుసగా చూపిస్తుంది. ప్రాజెక్టును /వీఏఆర్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూకి మార్చడం శుభ్రమైన పని. తప్పదంటే సెట్‌ఎఫ్‌ఏసీఎల్‌తో ఆ ఒక్క యూజర్‌కే, హోమ్ ఫోల్డర్‌కి దారి మాత్రం ఇవ్వండి.

డిస్ట్రో మార్చినప్పుడు. అదే వెబ్ సర్వర్ యూజర్ డెబియన్ కుటుంబంలో 33, రెడ్‌హ్యాట్ కుటుంబంలో "అపాచీ" అనే పేరుతో 48. అడ్మిన్ గ్రూపు ఇక్కడ సుడో, అక్కడ వీల్. మామూలు యూజర్ల నంబర్లు రెడ్‌హ్యాట్‌లో ఒకప్పుడు 500 నుంచి మొదలయ్యేవి. ఫెడోరా 16 నుంచి, రెడ్‌హ్యాట్ 7 నుంచి 1000 అయింది. పాత సెంట్‌ఓఎస్ 6 సర్వర్ నుంచి ఖాతాలు తెచ్చుకుంటే 500ల్లో ఉన్నవాళ్లను కొత్త సిస్టమ్ తన సొంత ఖాతాలనుకుని లాగిన్ పేజీలో చూపించదు. వాళ్ల ఫైళ్లకేమీ కాలేదు, కంగారు వద్దు.

ఇద్దరి ఫోల్డర్. టీమ్ ప్రాజెక్టులో ఒకరు చేసిన ఫైలు ఇంకొకరు మార్చలేకపోతే, ఫోల్డర్‌కి 2770 ఇవ్వండి. ముందున్న ఆ 2 వల్ల లోపల పుట్టే ప్రతి ఫైలూ ఫోల్డర్ గ్రూపునే తీసుకుంటుంది. గ్రూపుకి రాసే హక్కు కూడా ఎప్పటికీ ఉండాలంటే సెట్‌ఎఫ్‌ఏసీఎల్ -డీతో డీఫాల్ట్ నియమం పెట్టండి. లోపలున్న పాతవాటిని సరిచేయడానికి "సీహెచ్‌మోడ్ -ఆర్ జీ+ఆర్‌డబ్ల్యూఎక్స్"లో చివరి ఎక్స్ పెద్దక్షరం వాడండి. అది ఫోల్డర్లకూ, ముందే నడిచే ఫైళ్లకూ మాత్రమే 1 ఇస్తుంది. మామూలు ఫొటోలు, డాక్యుమెంట్లు ప్రోగ్రాములు కావు.

అప్‌గ్రేడ్‌కి ముందు పది నిమిషాలు

/ఈటీసీలోని పాస్‌డబ్ల్యూడీ, గ్రూప్ ఫైళ్ల కాపీ వేరే చోట పెట్టుకోండి.

ముఖ్యమైన ఫోల్డర్ మీద "గెట్‌ఎఫ్‌ఏసీఎల్ -ఆర్" నడిపి, వచ్చిందంతా ఒక ఫైలులో దాచండి. ఓనర్లు, గ్రూపులు, పర్మిషన్లు అన్నీ పేర్లతో సహా అందులో ఉంటయి. తర్వాత సెట్‌ఎఫ్‌ఏసీఎల్‌కి "--రిస్టోర్" ఇస్తే తిరిగి పెడుతుంది.

పెన్‌డ్రైవ్‌లోకి ఫైళ్లను ఊరికే లాగి పడేయకండి. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లకు లినక్స్ ఓనర్లంటే తెలియదు. టార్ ఫైలుగా కట్టి పెట్టండి. టార్ పేరునూ నంబరునూ రెండింటినీ రాసుకుంటుంది. రూట్‌గా విప్పితే ముందు పేరు చూసి ఓనర్‌ను వెతుకుతుంది.

కొత్త సిస్టమ్‌లో ఖాతాలు పాత వరుసలోనే చేయండి. లేదా యూజర్‌యాడ్‌కి -యూతో నంబరు మీరే చెప్పండి.

అన్నీ అయ్యాక, అందరికన్నా తక్కువ హక్కులున్న లాగిన్‌తో ఒకసారి కూర్చోండి. దానికి తెరుచుకోకూడని ఫోల్డర్లు ఒక్కొక్కటిగా నొక్కి చూడండి. అక్కడ "పర్మిషన్ డినైడ్" అని కనబడితే సంతోషించండి, తాళాలు పడ్డట్టే.